ఫీజు బకాయికి కేసు కట్ట తాకట్టు కాదు

సంపాదకులకు,

కేసు ముగిశాక, లేదా మధ్యలో వకీలును మార్చుకున్నాక, పాత ఫీజు చెల్లించకుండా ముఖం చాటేసే క్లయింట్లు ఉన్నారు. సివిల్ న్యాయవాదిగా ఆ బాధ నేనూ పడ్డాను. అయినా డబ్బు కట్టేదాకా కేసు కాగితాల కట్ట ఇవ్వబోమని, వకాల్తా (కేసు నడపడానికి వకీలుకు క్లయింట్ ఇచ్చే అధికార పత్రం) మార్పుకు అభ్యంతరం లేదంటూ నో అబ్జెక్షన్ సంతకం పెట్టబోమని మాలో కొందరు పట్టుబట్టడం చట్టం ముందు నిలవదు.

ఫీజు కోసం కక్షిదారు కాగితాలను ఆపుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. బాకీ తీరేదాకా తమ దగ్గరున్న సరుకును పట్టి ఉంచే వీలును 1872 నాటి కాంట్రాక్టు చట్టం బ్యాంకుల వంటి కొందరికి ఇచ్చింది. అయితే కేసు కాగితాలు అమ్మకానికి పనికొచ్చే సరుకు కావని, వాటిని తిరిగి ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ఆ తీర్పు చెప్పింది. అసలు దస్తావేజులు చేతిలో లేకుండా, వాయిదా ముంచుకొస్తుంటే, కొత్త వకీలు ఏం వాదించగలరు? కొన్ని వేల రూపాయల తగాదాకు ఒక కుటుంబం భూమి హక్కునే పోగొట్టుకునే స్థితి రాకూడదు.

అలాగని బకాయి వదులుకోనక్కర్లేదు. ఫీజును ఒప్పందంతో నిర్ణయించుకోవడానికీ, అది రాకపోతే దావా వేయడానికీ న్యాయవాదుల ఫీజులపై 1926లో వచ్చిన చట్టం వీలు కల్పిస్తోంది. నోటీసు ఇచ్చి, మూడేళ్ల కాలపరిమితి దాటకముందే దావా వేయాలి. ఖర్చుల కోసం క్లయింట్ ఇచ్చిన సొమ్ములో ఏమైనా మిగిలితే, కేసు ముగిశాక దాన్ని ఒప్పుకున్న ఫీజు కింద జమ చేసుకోవడానికి న్యాయవాదుల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాలు కూడా ఒప్పుకుంటాయి. అయితే ఫీజు నోటిమాట మీదే కుదురుతుండటంతో దావాలో రుజువు దొరకదు. క్లయింట్‌పై దావా వేస్తే పేరు పోతుందని జూనియర్లు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది.

ఇక వచ్చే పరిహారంలో వాటా అడగడం మొదటికే మోసం. తెలంగాణకు చెందిన ఒక ప్రమాద పరిహారం కేసులో, ఫీజు కింద తీసుకున్న చెక్కు చెల్లలేదని న్యాయవాది పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2017లో కొట్టివేసి, శాతం లెక్కన ఫీజు ప్రజా విధానానికి విరుద్ధమని స్పష్టం చేసింది.

వకాల్తాపై సంతకం పెట్టించుకునే రోజునే ఫీజు మొత్తం, దాన్ని ఏ విడతల్లో చెల్లించాలి, వకీలును మధ్యలో మార్చుకుంటే ఎంత చెల్లించాలి అన్నవి రాసిన ఒక పేజీ ఒప్పందాన్ని ఇరుపక్షాలూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. తెలుగులో ఆ నమూనాను తయారుచేసి ప్రతి బార్ అసోసియేషన్‌కూ పంపవలసిందిగా రెండు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది