థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లందరికీ క్యాన్సరేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి మంగళవారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన 'థైరాయిడ్ వాపే క్యాన్సర్‌కు మూలం' గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైందని తెలుసు. పాతపట్నం మీదుగా సరిహద్దు దాటి ఒడిశాలోని మా పర్లాకిమిడికి మీ పేపరు చేరేసరికే పొద్దెక్కుతుంది, అది నాలుగిళ్లు తిరిగి నా చేతికొచ్చేసరికి మా తమ్ముడి భార్య మాత్ర మానేసి నాలుగు రోజులైంది.

ఆమెకు ఆరేళ్లుగా హషిమోటో ఉంది. అంటే మన ఒంట్లోని రక్షక కణాలే పొరబడి గొంతులోని థైరాయిడ్ గ్రంథి మీద పడతాయి. పొద్దున్నే పరగడుపున 75 మైక్రోగ్రాముల మాత్ర, అరగంట ఆగి టీ, అంతే, హాయిగా ఉండేది. మీ హెడ్డింగ్ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంది. అద్దం ముందు నిలబడి గ్లాసుడు నీళ్లు గుటకలేసుకుంటూ 'బావగారూ, గొంతులో ఇది పైకీ కిందకీ కదులుతోంది చూడండి' అని ఒకటే ఏడుపు. గుటకేస్తే అది అందరికీ కదులుతుందమ్మా అంటే నమ్మదు, పేపర్లో వేశారుగా!

సంబంధమే లేదని నేననను. హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు 1912లో ఈ జబ్బు గురించి రాశాడు, దీనికీ క్యాన్సర్‌కీ ముడి ఉండొచ్చన్న మాట 1955 నుంచీ ఉంది. కానీ ఆ మాట పుట్టింది ఆపరేషన్ చేసి తీసిన గ్రంథుల్ని చూసి. గడ్డ మీద అనుమానం వస్తేనే కదా ఆపరేషన్ చేస్తారు, అలాంటివాళ్లలో క్యాన్సర్ ఎక్కువ కనబడటంలో వింతేముంది? ఆపరేషన్ లేకుండా సన్నటి సూదితో గడ్డలోంచి తీసిన నమూనాలు చూసినప్పుడు చాలా అధ్యయనాల్లో ఆ ముడి అంత గట్టిగా కనబడలేదు. వాపు వల్ల క్యాన్సర్ పుట్టిందో, క్యాన్సర్‌ని చూసి ఆ రక్షక కణాలు అక్కడ చేరాయో ఇంకా తేలనే లేదు. పైగా రెండూ ఉన్నవాళ్లలో క్యాన్సర్ అంత ఉధృతంగా ఉండటం లేదని చాలాచోట్ల చూశారు. ఇదొక్క ముక్క రాస్తే మీ సిరా అయిపోతుందా? నిజంగా భయపడాల్సింది, గడ్డ రోజుల్లోనే పెరిగిపోయి గొంతు బొంగురుపోయి మింగడం కష్టమైతే. హషిమోటో ఉన్నవాళ్లలో అరుదుగా లింఫోమా అనే మరో రకం క్యాన్సర్ వస్తుంది, అప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది మాత్రం మీ వ్యాసంలో లేదు.

ఇంకొకటి, ఈ హషిమోటోనే 'స్వయం ప్రతిరక్షక అవటు గ్రంథి శోథ' అని రాశారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది! ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటో వేసి వాడుక భాష గొప్పదంటారు, 30 నుంచి మళ్లీ శోథ మొదలు.

మీ వ్యాసం వచ్చిన మూడో రోజే ఓ కల్యాణమండపంలో గొంతు స్కాన్ల క్యాంపు పెట్టారు, మనిషికి 600. మరదలి రిపోర్టులో 'గ్రంథి గరుకుగా ఉంది' అని రాసి, తీయించుకుంటే టెన్షన్ ఉండదన్నారు. హషిమోటోలో గ్రంథి గరుకుగా కాక నున్నగా ఉంటుందా? ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతినొచ్చు, కాల్షియం పడిపోవచ్చు, ఆ సంగతి ఎత్తనేలేదు. దక్షిణ కొరియాలో ఇలాగే ఊరందరి గొంతులూ స్కాన్ చేస్తే 1993 నుంచి 2011కి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, చావులు మాత్రం తగ్గలేదు.

పోనీ సర్కారు ఆసుపత్రికి వెళ్దామా అంటే థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేసే మిషను ఉంది, అందులో పోసే మందు లేదు. రిపోర్టు అర్థం కాక అడిగితే ఒడియాలో గదమాయిస్తారు. సరిహద్దు దాటితే 'మీది ఒడిశా ఆధార్ కదా' అని పక్కన కూర్చోబెడతారు. ఓట్లకి మాత్రం రెండు వైపులవాళ్లూ మా వీధిలో తెలుగులోనే దండాలు పెడతారు! గడ్డ ఉన్నవాళ్లకి ఒక సూది పరీక్ష దగ్గర్లో దొరికే ఏర్పాటు చేయండని ఎన్ని అర్జీలు పెట్టామో లెక్కలేదు.

శ్రీకాకుళం తీసుకెళ్లి చూపించాం. గడ్డా లేదు గిడ్డా లేదు, మాత్ర మానేసినందుకు డాక్టరమ్మ చీవాట్లు పెట్టి పంపింది. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. ఫ్రిజ్ మీద ఆ కాగితం తీసి ఇది అంటిస్తాను.

ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా