ఇంగ్లిషు వచ్చు, మాట మాత్రం తడబడుతోంది: పై తరగతుల తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖ పై తరగతుల పిల్లల ఇంగ్లిషు గురించి. ఈ పిల్లలు పెద్ద పెద్ద పుస్తకాలు చదువుతారు, వ్యాసాలు చక్కగా రాస్తారు, విన్నది అర్థం చేసుకుంటారు. నలుగురి ముందు రెండు నిమిషాలు మాట్లాడమంటే మాత్రం గొంతు పెగలదు. "ఇన్నేళ్లు చదివినా మాట్లాడలేకపోతున్నాడు, మళ్లీ గ్రామర్ క్లాసులో చేర్పించమంటారా?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. వద్దండి. వ్యాకరణం వాళ్లకు కావలసినంత వచ్చు. వచ్చినదాన్ని సమయానికి నోటికి తెచ్చుకోవడం దగ్గరే చిక్కంతా.

రాసేటప్పుడు ఆలోచించడానికి, కొట్టేసి మళ్లీ రాయడానికి వ్యవధి దొరుకుతుంది. మాట్లాడేటప్పుడు ఏం చెప్పాలో అనుకోవడం, అందుకు మాటలు కూర్చుకోవడం, వాటిని పలకడం దాదాపు ఒకేసారి సాగిపోవాలి. మాతృభాషలో మాటల కూర్పు, పలుకు వాటంతట అవే జరిగిపోతాయి. ఇంగ్లిషులో పిల్లల ధ్యాసంతా ఇంకా వాటి మీదే ఖర్చవుతోంది. అవి అలవాటులో పడాలంటే చెప్పిన విషయాన్నే మళ్లీ మళ్లీ చెప్పాలి.

అందుకే ఈ టర్మ్‌లో 4-3-2 అనే సాధన మొదలుపెట్టాం. 1983లో కీత్ మారిస్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని ఆ తర్వాత పాల్ నేషన్ అనే భాషాబోధన నిపుణుడు బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఒక విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాల్లో, అదే విషయాన్ని మరొకరికి మూడు నిమిషాల్లో, ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. వినేవారు ప్రతిసారీ మారతారు కాబట్టి చెప్పేవారికి విసుగు రాదు.

మొన్న తరగతిలో ఒక అమ్మాయి ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో చెప్పింది. మొదటిసారి "తేమ" అన్న మాట కోసం వెతుక్కుంటూ సగం వాక్యంలో ఆగిపోయింది, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది, చివరికి చేతులతో చూపించింది. రెండోసారి ఆ మాట దానంతట అదే వచ్చింది. మూడోసారి అక్కరలేని ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా గాలి, నీరు, ఇనుము దగ్గరికి వచ్చేసింది. ఒక క్రియాపదం తప్పు అప్పటికీ అలాగే ఉంది. టీచరు దాన్ని రాసుకుని, అమ్మాయి చెప్పడం పూర్తయ్యాకే ఆమెకు చూపించారు. మధ్యలో ఆపి ఉంటే ఆ ధార తెగిపోయేది.

"ఇది బట్టీ పట్టించడం కాదా?" అని ఒక తండ్రి అడిగారు. మంచి ప్రశ్నే. ఇక్కడ ముందుగా రాసుకున్న పాఠం ఏదీ ఉండదు, ప్రతిసారీ వాక్యాలు కొత్తగా కూర్చుకోవాలి. 2011లో డి యాంగ్, పెర్ఫెట్టి ప్రచురించిన పరిశోధనలో, ఒకే అంశాన్ని మళ్లీ చెప్పిన విద్యార్థుల ధారాళత సాధన ముగిశాక కూడా నిలిచింది, కొత్త అంశాల మీద మాట్లాడేటప్పుడూ కనిపించింది. ప్రతిసారీ అంశం మార్చినవారిలో ఆ మెరుగు నిలవలేదు.

ధారాళత అంటే వేగమని పిల్లలు అనుకుంటారు. దయచేసి ఆ అపోహను పెంచకండి. వాక్యం చివర, భావం ముగిసిన చోట ఆగితే వినేవారికి సుఖంగా ఉంటుంది. విడదీయరాని రెండు మాటల మధ్య ఆగినప్పుడే తడబాటుగా వినిపిస్తుంది. ఫోనులో రికార్డు చేసుకుని తను ఎక్కడెక్కడ ఆగాడో పిల్లవాడే గుర్తించుకుంటే అంతకంటే మంచి పాఠం లేదు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. విదేశీయుల యాసను అనుకరించమని మేము ఎవరికీ చెప్పం. అయితే ఇంగ్లిషులో ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటికంటే నొక్కి పలకడం, చాలా ముఖ్యం. "ఫొటోగ్రాఫ్"లో మొదటి అక్షరం మీద, "ఫొటోగ్రఫర్"లో రెండోదాని మీద, "ఫొటోగ్రాఫిక్"లో మూడోదాని మీద ఊనిక పడుతుంది. మనం తెలుగు అలవాటుతో అన్ని అక్షరాలనూ ఇంచుమించు సమానంగా పలుకుతాం, అందువల్ల వినేవారు ఒక్కోసారి మాటను పోల్చుకోలేరు. మంచి వక్త రికార్డింగు వింటూ, ఒకటి రెండు మాటలు వెనకగా వెంట పలకడం దీనికి పనికొస్తుంది. రోజూ పది నిమిషాలు చాలు.

విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధమవుతున్న పిల్లలకు కూడా దారి ఇదే. అందులో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణలకు సమానంగా మార్కులుంటాయి. ఒక్క వ్యాకరణం మీదే కూర్చుంటే మిగతా మూడూ వెనకబడతాయి.

ఇక మీ ఇంటి సాయం. "మాకు ఇంగ్లిషు రాదు, మేమేం చేయగలం" అని చాలామంది తల్లులు చిన్నబుచ్చుకుంటూ అంటుంటారు. అమ్మా, మీరు చేయగలిగింది చాలా ఉంది. చదివిన విషయాన్ని ముందు మీకు తెలుగులో చెప్పమనండి. "ఎందుకు?", "తర్వాత ఏమైంది?" అని అడగండి. తెలుగులో వరుసగా, కారణాలతో చెప్పగలిగితే ఆలోచన అప్పటికే కుదురుకుంటుంది, ఇంగ్లిషులో మాటల సంగతి చూసుకుంటే సరిపోతుంది. తర్వాత అదే విషయం ఇంగ్లిషులో చెబుతుంటే ఎదురుగా కూర్చుని వినండి. ఇంగ్లిషు వచ్చిన తల్లిదండ్రులకు ఇంకో మనవి: వాక్యం మధ్యలో తప్పు దిద్దకండి, బంధువుల ముందు "ఏదీ, ఇంగ్లిషులో మాట్లాడి చూపించు" అనకండి. ఆ ఒక్క మాటతో నోరు మూసుకునే పిల్లలను ఏటా చూస్తున్నాను.

ఈ వారం మీ అబ్బాయి లేదా అమ్మాయి తనకు నచ్చిన అంశం మీద రెండు నిమిషాలు మాట్లాడి, ఫోనులో రికార్డు చేసి దాచుకోవాలి. టర్మ్ చివర అదే అంశం మీద మళ్లీ రికార్డు చేయిస్తాం. రెండూ పక్కపక్కన వినడానికి తల్లిదండ్రుల సమావేశంలో సమయం కేటాయిస్తున్నాం, తప్పకుండా రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు