పోతా ఉన్నది డాలర్లు ఒకటే కాదు సార్

ఎడిటర్ గారికి నమస్తే.

అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్1బి వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ సంతకం పెట్టినప్పటి నుంచి మన పేపర్లలో, అనంతపురం టీ కొట్ల దగ్గర, పెళ్ళిళ్ళలో బంతి భోజనాల కాడ కూడా ఒకటే మాట, అమెరికా పనైపోయింది, డాలర్ కల చెదిరింది అని. నేను ఆ దేశంలో పుట్టి ఈ ఊర్లో పెరిగినదాన్ని, ఈ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఫీజు గురించి ఇంత మాట్లాడుకుంటా అసలు పోతా ఉన్నదాన్ని, అంటే అక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే వచ్చే పౌరసత్వాన్ని, ఎవరూ పట్టించుకోవడం లేదు.

మా నాయనది తాడిపత్రి పక్కన పల్లె. వానల్లేక శెనక్కాయ పంట ఎండిపోయే చేను నమ్ముకున్న ఇంట్లోంచి ఇంజనీరింగ్ చదివి వై2కె టైంలో, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తప్పు చేస్తాయని మన ఇంజనీర్లను పిలుచుకున్నప్పుడు, హెచ్1బి మీద న్యూజెర్సీ పోయినాడు. నేను 1999లో ఎడిసన్‌లో పుట్టినా. అప్పటికి మా అమ్మానాయనలకు గ్రీన్ కార్డు, అంటే అక్కడే ఉండిపోయే అనుమతి, లేదు, ఆ తర్వాత కూడా రాలేదు. అయినా నేను పుట్టిన రోజు నుంచే ఆ దేశం మనిషిని, ఎవర్నీ బతిమాలే పని లేదు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళ కోసం 1868లో తెచ్చిన 14వ సవరణ అది, ఈ నేల మీద పుట్టినవాళ్ళు ఈ దేశ పౌరులే అని. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా వాళ్ళకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటాయన చైనా పోయి తిరిగొస్తే నువ్వు ఈ దేశం వాడివి కాదు పో అని దిగనీయలేదు, ఆయన కోర్టుకెక్కి 1898లో సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచినాడు. మా ఇంట్లో ఆయన పేరు ఎవరికీ తెలీదు కానీ ఆయన గెలవబట్టే నాకు పాస్‌పోర్టు వచ్చింది.

స్కూల్లో పొద్దున్నే బోర్డు పక్కన ఉండే జెండా వైపు తిరిగి కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రతిజ్ఞ చెప్పేవాళ్ళం. నా పక్కన డొమినికన్ పిల్ల, ముందు బెంచీలో కొరియా పిల్లోడు, వాడికి ఇంగ్లీషు ఇంకా సరిగ్గా రాదు, పెదాలు మాత్రం ఆడించేవాడు. చివర్లో అందరికీ స్వేచ్ఛ, న్యాయం అని వస్తుంది. మేము దాన్ని నిజమని నమ్మినాం సార్, చిన్నపిల్లలం కాబట్టి నమ్మినాం అని కాదు, మా క్లాసు చూస్తే అట్లే ఉండేది.

అప్పుడూ అంతా బాగుండేది అని నేను చెప్పను. మన యాడికి మండలం బుక్కాపురం మూలాలున్న మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల అంతటి మనిషి కూడా 1990ల్లో భార్యను తీసుకుపోవడానికి గ్రీన్ కార్డు వదులుకుని హెచ్1బికి మారాల్సొచ్చింది, గ్రీన్ కార్డు ఉన్నోళ్ళ భార్యకు వీసా రావాలంటే ఏళ్ళు పట్టేది, హెచ్1బి వాళ్ళ భార్యకు తొందరగా వచ్చేది, చట్టం అట్లా ఉండేది. 2009లో మా నాయనకు ఉద్యోగం పోయినప్పుడు ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇప్పుడున్న అరవై రోజుల గడువు కూడా లేదు, అది 2017లో వచ్చింది. సామాన్లు సగం అమ్మి సగం పారేసి జేజి ఇంటికి వచ్చేసినాం. కష్టమే, కానీ నువ్వు ఈ దేశం దానివి కాదు అని నన్ను మాత్రం ఎవరూ అనలేదు.

2025 జనవరి 20న, ట్రంప్ గద్దెనెక్కిన రోజే, ఆ మాట అనేసినారు. తల్లి టెంపరరీ వీసా మీద ఉండి తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే అక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాదని ఆర్డర్ ఇచ్చినారు. ఇదే 1999లో ఉండి ఉంటే నేను లేను ఆ లెక్కలో. మా చిన్నమ్మ కూతురు టెక్సాస్‌లో ఉంది, హెచ్1బి, పోయినేడు కానుపైంది. ఇక్కడ అందరం ఫోన్ చుట్టూ చేరితే బిడ్డ ఎంత బరువు, ఎవరి పోలిక అని అడగాల్సిన మా చిన్నమ్మ ముందు అడిగింది పాస్‌పోర్టు వస్తుందా అని. పుట్టి గంట కాలేదు ఆ బిడ్డ.

నాకు ఇంకో బాధ ఉంది, మనవాళ్ళతోనే. మనం లైన్లో నిలబడి వచ్చినాం, వాళ్ళు గోడ దూకి వచ్చినారు అని చిన్నప్పటి నుంచి వింటా ఉన్నా. 2025 ఫిబ్రవరిలో వీసా లేకుండా అమెరికా పోయిన 104 మంది ఇండియన్లను మిలటరీ విమానంలో సంకెళ్ళేసి అమృత్‌సర్‌లో దించితే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో దొంగదారిన పోతే అంతే అని రాసినారు. సెప్టెంబర్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్ వాళ్ళ బ్యాటరీ ఫ్యాక్టరీ కట్టే చోట మూడొందల మందికి పైగా కొరియన్లను గొలుసులేసి పట్టుకుపోయినారు, మన పెనుకొండ దగ్గర కియా నడిపే గ్రూపే అది, వాళ్ళు గోడ దూకినోళ్ళా? ఆ లైను మనకు వచ్చిందే 1965 అక్టోబర్‌లో అమెరికా కొత్త వలస చట్టం చేసినాక, అంతకుముందు ఇండియాకు ఏడాదికి వంద మందే. అదే ఏడాది మార్చిలో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో సెల్మా వంతెన మీద ఓటు హక్కు అడిగిన నల్లవాళ్ళను పోలీసులు లాఠీలతో కొట్టినారు. మనుషుల్ని పుట్టుకను బట్టి వేరు చేయకూడదని వాళ్ళు తిన్న దెబ్బల వల్లే మన నాయనలకు తలుపు తెరుచుకుంది. ఈ సంగతి మా ఇంట్లో గానీ ఏ తెలుగు సంఘం మీటింగులో గానీ ఒక్కరు చెప్పగా నేను వినలేదు. తలుపు ఇంకొకరి మొహాన పడుతున్నప్పుడు ఊరుకున్నాం, ఇప్పుడు మన బిడ్డల దాకా వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. పుడితే చాలు పౌరసత్వం అన్న చట్టం మన దేశంలోనూ ఉండేది, 1987లో తీసేసినాం. పెనుకొండలో కొరియా దంపతులకు బిడ్డ పుడితే ఆ బిడ్డ ఇండియన్ కాదు. చానా దేశాలు ఇవ్వని మాట అమెరికా ఇచ్చింది, నాకు ఆ దేశం మీద గౌరవం అందుకే, అక్కడి రోడ్లు చూసి కాదు.

అంతా పోయిందని కూడా నేను ఒప్పుకోను. ట్రంప్ ఇచ్చిన ఆ పౌరసత్వం ఆర్డర్‌ను మొదట ఆపింది సియాటిల్‌లో, ట్రంప్ పార్టీకే చెందిన పాత ప్రెసిడెంటు రీగన్ నియమించిన జడ్జి, రాజ్యాంగానికి పూర్తిగా విరుద్ధం అన్నాడు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను మా దేశం నుంచి పో అని కాల్చి చంపినోడికి అడ్డం పోయి తూటా తిన్న ఇయాన్ గ్రిల్లట్ కూడా ఆ దేశం మనిషే. నాకు న్యూజెర్సీ ఓటు ఉంది, అనంతపురం నుంచే బ్యాలెట్ పంపిస్తా ఉన్నా, పంపిస్తానే ఉంటా.

మీకు నా మనవి ఏమంటే, పుట్టుక పౌరసత్వం కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, దాని గురించి మీ పేపర్లో వివరంగా రాయండి. ఏ వీసా మీద ఉన్నవాళ్ళ బిడ్డకు ఏమవుతుంది, అట్లాంటి బిడ్డకు ఇండియా పాస్‌పోర్టు కోసం కాన్సులేట్‌లో ఏం చేయాలి, ఇవన్నీ మన జిల్లాలో ఫోన్ల ముందు కూర్చున్న అవ్వాతాతలకు తెలియాలి. ఫీజు వార్త కింద చిన్న బాక్సులో వేస్తే సరిపోదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అనంతపురం