మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా చేసే పనులు ఈ ఏడాదీ చేశాం. వానలకు ముందు కాలువల్లో పూడిక తీయించాం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మన విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనానికి మంచినీళ్లు, మజ్జిగ ఇచ్చాం. వేసవిలో పిల్లలకు చిత్రలేఖనం తరగతులు పెట్టాం. ఆ తరగతులు చెప్పిన మన సభ్యురాలి బొమ్మలతోనే తర్వాత సంఘం హాల్లో ప్రదర్శన జరిగింది. ఈ ఏడాది మనం చేసిన మంచి పని ఏదంటే కార్యవర్గం అంతా దాన్నే చెబుతుంది. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాం.

బొమ్మలన్నీ బాలింత జీవితం మీద వేసినవి. తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లినప్పుడు మొదలుపెట్టారట. రంగులు, కాన్వాసు ముందేసుకుని కూర్చునే తీరిక ఎక్కడిది? బిడ్డ ఒళ్లో పాలు తాగుతుంటే, ఖాళీగా ఉన్న కుడిచేత్తో మందుల చీటీల వెనక బాల్‌పెన్‌తో గీశారు. బిడ్డ కదిలినప్పుడల్లా గీత పక్కకు జారింది. ఆ జారిన గీతల్ని ఆవిడ దిద్దకుండా అలాగే ఉంచారు. పెద్ద బొమ్మలు తర్వాత వేసినవి.

అందరూ ఎక్కువసేపు నిలబడి చూసిన బొమ్మ ఒకటుంది. గది నిండా చుట్టాలు. అందరూ ఉయ్యాల మీదకు వంగి ఉన్నారు, మనకు వాళ్ల వీపులే కనబడతాయి. ఓ మూల మంచం మీద బాలింత. తలకు గుడ్డ, చెవుల్లో దూది, నైటీ మీద పాల మరక. పక్కన స్టీలు కంచంలో వెల్లుల్లి కారం కలిపిన అన్నం, ముద్ద కూడా తినలేదు. గదిలో ఆమె వైపు చూస్తున్నవాళ్లు ఒక్కరూ లేరు.

పాలిస్తున్న బొమ్మలు హాల్లో వద్దని కొందరు పెద్దలు అన్నారు. కార్యవర్గంలో గట్టి చర్చే జరిగింది. యశోదమ్మ ఒళ్లో కృష్ణయ్యను పటం కట్టించి ఇంట్లో పెట్టుకునేవాళ్లం, ఈ తల్లిని ఎందుకు చూడకూడదని చివరికి అన్నీ పెట్టాలనే తేల్చాం. అంట్యాకుల పైడిరాజు గారు చిత్రకళ నేర్పిన ఊరు మనది, ఇక్కడ బొమ్మకు తెర కట్టడం సబబు కాదు. ఇలాంటి గొడవ కొత్తదేమీ కాదని చిత్రకారిణి చెప్పారు. 1976లో లండన్‌లో మేరీ కెల్లీ అనే కళాకారిణి తన బిడ్డ లంగోటీల్లో వేసిన మరకల గుడ్డల్నే ప్రదర్శనకు పెడితే అక్కడి పత్రికలు మండిపడ్డాయట.

బొబ్బిలి వైపు నుంచి మనవరాలితో వచ్చిన ఒక ముసలమ్మ గారు ఆ మంచం బొమ్మ ముందు నిలబడి, "పిల్లెలాగుందని అందరూ అడిగినారు గానీ, నువ్వెలాగున్నావని నన్నడిగినోళ్లు నేరమ్మా" అన్నారు. పక్కన ఉన్న ఆడవాళ్లు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరు తమ పురుటి రోజులు చెప్పుకున్నారు. కార్యక్రమ పత్రంలో లేని సభ అది. మాకు అదే గొప్పగా అనిపించింది.

ఆ సాయంత్రం మాట్లాడిన డాక్టరు గారి మాటలు ప్రతి ఇంటికీ చేరాలి. కాన్పయ్యాక ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. నిద్ర ఉండదు. కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, టెన్షన్ చాలామందికి మొదటి రోజుల్లో ఉంటాయి, రెండు వారాల్లోపు తగ్గిపోతాయి. తగ్గకపోయినా, బిడ్డను ఎత్తుకోవాలని అనిపించకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా అది జబ్బు. దానికి వైద్యం ఉంది. గాలి సోకిందనో, పొగరనో అనుకుని ఊరుకోకూడదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనో, బిడ్డకు హాని చేయాలనో ఆలోచనలు వస్తుంటే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వచ్చే ఏడాది నుంచి కాలనీలో కాన్పయిన ప్రతి ఇంటికీ మహిళా విభాగం తరఫున ఇద్దరు వెళ్తారు. బిడ్డకు గౌనుతో పాటు తల్లికి ఒక పూట భోజనం పట్టుకెళ్తారు, ఆమె ఇష్టపడితే గంటసేపు బిడ్డను ఎత్తుకుని ఆమెను పడుకోనిస్తారు. ఈ పనికి రాగలిగినవాళ్లు సర్వసభ్య సమావేశంలోపు పేర్లు ఇవ్వండి. మగవాళ్లు కూడా ఇవ్వచ్చు, క్యారియర్ చేరవేయడానికి మనుషులు కావాలి.

బాల్‌పెన్ బొమ్మల నకళ్లు మన గ్రంథాలయంలో పెట్టాం. జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో జత చేశాం, సందేహాలుంటే సమావేశంలో అడగండి.

ఇట్లు,
కార్యదర్శి