కాటా రాళ్లూ, నీ పెడల్సూ

మిర్యాలగూడ

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నాన్నా, సైకిల్ పవర్ మీటర్ పెడల్స్‌కి నాలుగేళ్లు దాటాయి, కుడిదాంట్లో టక్ టక్‌మని చప్పుడొస్తోంది, కొత్తవి కొనేయనా?" అన్నావు. వద్దన్నాను గానీ, ఎందుకు వద్దో చెప్పేలోపు లైను కట్టయింది. అందుకే రాస్తున్నాను. చదివాక ఈ కాగితం నీ టూల్ బాక్సులో ఉంచుకో.

రైస్ మిల్లుల్లో లారీ కాటాలు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు గడిపాను కదా. ప్లాట్‌ఫాం కింద లోడ్ సెల్ ఉంటుంది. దాని ఉక్కుకి సన్నటి లోహపు రేకు అంటించి ఉంటుంది, దాన్ని స్ట్రెయిన్ గేజ్ అంటాం. లారీ ఎక్కితే ఉక్కు కంటికి ఆననంత వంగుతుంది, రేకు సాగుతుంది, దాని రెసిస్టెన్స్ మారుతుంది. ఆ మార్పునే మీటరు కిలోలుగా చూపిస్తుంది. నీ అసియోమా రకం పెడల్ ఇరుసులో ఉన్నదీ ఇదే. లారీ బదులు నీ కాలు. నువ్వు తొక్కే బలాన్నీ, పెడల్ తిరిగే వేగాన్నీ కలిపి వాట్లు లెక్కగడుతుంది. తయారుచేసే ఇటలీ వాళ్లు కత్తిసాము పోటీల్లో పాయింట్లు చూపే యంత్రాలు కూడా చేస్తారని తెలిసి నాకు ముచ్చటేసింది.

ఇన్నేళ్లలో గేజ్ అరిగిపోయిందని నేను లోడ్ సెల్ మార్చలేదు. నీళ్లు దిగో, ఎలుకలు వైరు కొరికో, పిడుగు పడో పోయేవి. పెడల్‌కీ అంతే. అందుకని సర్వీసింగ్ వాళ్లు ప్రెషర్ వాష్ కొడతామంటే పెడల్స్ దగ్గరికి రానివ్వకు. తడిగుడ్డతో నువ్వే తుడుచుకో.

అరిగేది బేరింగు. పెడల్ పట్టుకుని క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) వైపుకీ, బయటికీ ఊపి చూడు. లొటలొటలాడితే ఇరుసు చివర నట్టు వదులైందేమో చూడాలి, లేదా బేరింగు మార్చాలి. ఊపితే గట్టిగానే ఉండి, తిప్పితే ఇసుక నమిలినట్టు గరగరమంటే అప్పుడు తప్పకుండా బేరింగే. బేరింగులూ, పెడల్ బాడీ కూడా విడిగా దొరుకుతాయి, ఇరుసు పారేయక్కర్లేదు. ఇవన్నీ చూసేముందు బూటు కింద క్లీట్, అదే బూటుని పెడల్‌కి పట్టి ఉంచే ముక్క, చూడు. క్లీట్ అరిగినా ఇదే చప్పుడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడే నీ కుడి క్లీట్ ముందంచు నున్నగా అరిగిపోయి ఉంది, మార్చుకోమన్నాను. మార్చావా?

బ్యాటరీ సంగతి వేరు. కొత్తలో ఒక్క చార్జికి 50 గంటలు వచ్చేది, ఇప్పుడు 40 కూడా రావట్లేదన్నావు. లిథియం బ్యాటరీకి వయసు మీద పడితే అంతే, కంగారు పడకు. వారానికి ఎనిమిది గంటలు తొక్కేదానివి, నెలకోసారి రెండు పెడల్సూ కలిపి చార్జి పెట్టుకుంటే సరిపోతుంది. నెలల తరబడి సైకిల్ తీయనప్పుడు మాత్రం పూర్తిగా ఖాళీ చేసి వదిలేయకు. కారులోనో రైల్లోనో తెచ్చేటప్పుడు ట్రావెల్ మోడ్‌లో పెట్టు, లేకపోతే కుదుపులకి అవి మేలుకుంటూనే ఉంటాయి.

ఇక అంకెలు. ఒకసారి ఒక మిల్లులో కాటా రోజూ బరువు తక్కువ చూపిస్తోందనీ, రైతులు నష్టపోతున్నామంటున్నారనీ, సెల్ మార్చేయమనీ ఓనరు గొడవ. కిందకి దిగి చూస్తే ప్లాట్‌ఫాంకీ గోడకీ మధ్య ఊకా మట్టీ గట్టిపడి, బరువులో కొంత అదే మోస్తోంది. పలుగుతో తవ్వి తీస్తే కాటా సరైపోయింది. నీ పెడల్ పక్కనున్న పాడ్ (ఎలక్ట్రానిక్స్ ఉండే చిన్న డబ్బా) క్రాంక్‌కి ఆనుకున్నా ఇలాగే తప్పు చూపిస్తుంది. మధ్యలో సందు ఉందో లేదో చూడు, లేకపోతే వాషర్ వెయ్యి. యాప్‌లో క్రాంక్ పొడవు 170 మిల్లీమీటర్లు అనే ఉండాలి. 175 అని ఉంటే దాదాపు 3 శాతం ఎక్కువ చూపించి నిన్ను ఊరికే సంబరపెడుతుంది.

లారీ ఎక్కకముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడకుండా నేనెప్పుడూ తూకం వేయనివ్వలేదు. నువ్వూ ఔటర్ రింగ్ రోడ్డు సోలార్ ట్రాక్ మీదికి వెళ్లాక, సైకిల్ బయటి గాలికి పది నిమిషాలు నిలబడనిచ్చి, పెడల్స్ మీద కాళ్లు లేకుండా సున్నా చేసుకో. ఏసీ గదిలోంచి తీసిన వెంటనే చేస్తే ఉక్కు వేడెక్కేకొద్దీ సున్నా జరుగుతుంది.

పెడల్స్ విప్పేటప్పుడు ఎడమదానికి మర తిరగేసి ఉంటుందని మర్చిపోకు. బిగించేముందు మరకి గ్రీజు రాయి.

కొనాలా వద్దా అనేది మే నెలలో నువ్వు వచ్చాక తేలుద్దాం, సైకిల్ కూడా తెచ్చుకో. వెనక చక్రం కదలకుండా బ్రేకు కట్టి, క్రాంక్ నేలకి సమంగా నిలిపి, పెడల్‌కి 20 కిలోల రాళ్లు వేలాడదీస్తాను. 170 మిల్లీమీటర్ల క్రాంక్ మీద తిప్పే బలం (టార్క్) 33 న్యూటన్ మీటర్ల పైచిలుకు రావాలి. రెండు వైపులా అంతే వస్తే ఆ పెడల్స్ ఇంకా నీవే. ముద్ర వేయించిన రాళ్లు అటక మీంచి దింపి తుడిచి పెట్టాను.

నాన్న