ఆటల టీచరు లేని బడి, స్టేషన్ మెట్లెక్కే పిల్లలు

సంపాదకులకు,

బడిలో పిల్లలు కొట్టుకున్నారని పోలీసులకు ఫోన్ చేసే ముందు ఆ రోజు టైంటేబుల్ చూడండి. పీఈటీ (ఆటల టీచరు) పోస్టు ఖాళీ. సెలవు పెట్టిన టీచరు బదులు వెళ్లేవారు లేక రెండు సెక్షన్లను ఒకే గదిలో కుక్కుతారు. భోజనం బెల్లు తర్వాత ఆ ఉక్కపోతలో చిన్న తోపులాటే పెద్దదవుతుంది. బడి ఖర్చులకు సమగ్ర శిక్షా పథకం ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు ఎంత పెద్ద బడికైనా ఏడాదికి లక్ష రూపాయలే. రిపేర్లు, సుద్దముక్కలు, కరెంటు బిల్లు పోగా కౌన్సెలర్ మాటెక్కడిది? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తాన్ని మాన్పించింది, మంచిదే. దాని స్థానంలో మనిషిని మాత్రం పెట్టలేదు.

హెచ్ఎంలు ఒకటి గుర్తుంచుకోవాలి. 2016 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) నిబంధనల ప్రకారం, కనీసం 7 ఏళ్ల జైలు పడే ఘోర నేరమైతేనో, పెద్దలతో కలిసి చేస్తేనో తప్ప పిల్లలపై ఎఫ్ఐఆర్ కట్టకూడదు. పోలీసులు స్టేషన్ జనరల్ డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. లాకప్, బేడీలు అసలే కూడదు. తరగతి గది గొడవకు అంతదాకా పోనక్కర్లేదు. తల్లిదండ్రులను, పేరెంట్స్ కమిటీని పిలిస్తే చాలావరకు తేలిపోతుంది. గుంటూరు, విజయవాడ మున్సిపల్ హైస్కూళ్లలో ముందు పీఈటీ ఖాళీలు నింపండి. నాలుగు బడులకు ఒక కౌన్సెలర్‌నైనా ఇవ్వండి.

- ఒక న్యాయవాది, బ్రాడీపేట, గుంటూరు