ప్రహరీకి పునాది తీయకముందే టేపు పట్టండి

సంపాదకులకు,

పొలం గట్టు తగాదా వస్తే ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల సర్వే పుస్తకం) ఉంటుంది, సర్వేయర్ వచ్చి కొలిచి రాయి ఎక్కడుండాలో చెబుతాడు. మనకు నచ్చినా నచ్చకపోయినా కాగితం మీద ఒక లెక్కంటూ ఉంది. ఊళ్లో ఇంటి ప్రహరీకి ఆ ఆధారమూ లేదు. చాలా ఊళ్లలో గ్రామకంఠం (ఊళ్లో ఇళ్లుండే స్థలం) మొత్తానికి ఒకటే సర్వే నంబరు, లోపల ఎవరి స్థలం ఎంతో దస్తావేజే చెప్పాలి. దస్తావేజు తీస్తే 'తూర్పు: ఫలానా వారి దొడ్డి, పడమర: రాజబాట' అని ఉంటుంది. ఆ ఫలానా వారు పోయి రెండు తరాలైంది, దొడ్డి మూడు వాటాలైంది, కంప దడి ఉన్నచోట ఇప్పుడు ఇటుక గోడ లేస్తోంది. దడి తిన్నగా ఎప్పుడుంది గనుక!

మా వీధిలో ఇప్పుడు నడుస్తున్నది అడుగున్నర గొడవ. ఈశాన్యం పెరగాలని సిద్ధాంతి చెప్పాడట, ఒకాయన పునాది కాస్త అవతలికి జరిపి తీయించాడు. (ఎవరి స్థలంలోకి పెంచాలో మాత్రం ఏ సిద్ధాంతీ చెప్పడు.) పక్కింటావిడ అది మా చూరు నీళ్లు పడే జాగా అంటుంది. ఆయనేమో పన్నెండేళ్లుగా నేనే వాడుకుంటున్నా కాబట్టి నాదే అంటాడు. ఈ పన్నెండేళ్ల మాట ప్రతి ఊళ్లోనూ వింటాం గానీ ఊరికే వాడుకుంటే సరిపోదు, అసలు యజమానికి వ్యతిరేకంగా, బాహాటంగా అనుభవించినట్టు ఆయనే కోర్టులో రుజువు చేసుకోవాలి. పంచాయతీకి పోతే సివిల్ మేటర్ అన్నారు, స్టేషన్లోనూ అదే మాట. పోలీసులకు హద్దు తేల్చే అధికారం లేదు, వాళ్లననలేం. మరి పంచాయతీ సంగతేంటి?

గ్రామ సచివాలయానికి సర్వేయర్ ఉన్నాడు. ప్రహరీకైనా ఇంటికైనా అనుమతి ఇచ్చే ముందు ఇరుపక్కల వాళ్లను నిలబెట్టి టేపు పట్టి, ఒక స్కెచ్ గీసి అందరి చేత సంతకాలు పెట్టించి ఆఫీసులో ఒక కాపీ ఉంచితే ఏం పోతుంది? గోడ లేచాక కొలిస్తే ఎవరూ దిగిరారు, ఖర్చు పెట్టేశాం కదా అన్న టెన్షన్ ఒకటి, పరువు ఇంకొకటి. అప్పటికీ తెగకపోతే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరి అవార్డు ఇస్తే అది కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానం, దానిమీద అప్పీలు లేదు. పెద్దమనుషుల రచ్చబండ రాజీ నోటిమాటగా పోతుంది, ఏడాది తిరిగేసరికి ఎవరి జ్ఞాపకం వారిది.

2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద ఊళ్లో ఇళ్ల స్థలాలు కొలవడానికి గ్రామకంఠాల మీద డ్రోన్లు ఎగరేస్తున్నారు, మంచిదే. కానీ డ్రోన్‌కు కప్పులు కనిపిస్తాయి, చూరు కింద గోడ ఎవరిదో కనిపించదు. అందుకే ముందుగా హద్దులకు సున్నం గీతలు వేస్తారు, అసలు పని అక్కడే ఉంది. ఆ రోజు ఊళ్లో ఉన్నవాడు గీయించిందే గీత అయిపోతే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న పక్కింటివాడికి సంక్రాంతికి వచ్చేదాకా తెలియదు. గీత వేసే తేదీని అధికారులు ఫోన్లోనో వాట్సాప్‌లోనో వారం ముందే ఇరుపక్షాలకూ చెప్పాలి, రాలేని వాళ్లు తమ తరఫున మనిషిని పంపుకుంటారు.

— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా